ఎంసెట్ ర్యాంకు ఎంత న్యాయమైంది? ఇంటర్ మార్కులు ఏపీలో కలుపుతూ, తెలంగాణలో ఎందుకు వదిలేశారు?

విజయవాడలో ఇంటర్ చదివిన విద్యార్థికి ఇంజినీరింగ్ ర్యాంకు ఇచ్చేటప్పుడు ఇంటర్ మార్కులు లెక్కలోకి వస్తాయి. ఖమ్మంలో చదివిన విద్యార్థికి రావు. ఇద్దరూ రాసేది ఒకే పేరున్న పరీక్ష, ఈఏపీసెట్. చాలా ఇళ్లలో ఇప్పటికీ దాన్ని ఎంసెట్ అనే పిలుస్తారు. ఇద్దరికీ 160 ప్రశ్నలు, మూడు గంటల సమయం. ర్యాంకు లెక్కించే పద్ధతి మాత్రం వేరు.

ఒకే పరీక్షపై రెండు ప్రభుత్వాలు రెండు రకాలుగా ఎందుకు ఆలోచించాయి? ఇందులో ఏది న్యాయం? అసలు మూడు గంటల పరీక్షతో రెండేళ్ల చదువును కొలవడం సరైనదేనా? పరీక్షే లేకుండా మార్కులతో సీట్లు ఇస్తే పేద విద్యార్థికి మేలు జరుగుతుందా? ఏటా ఫలితాల సమయంలో వచ్చే ఈ ప్రశ్నలకు సమాధానాలు చూద్దాం.

అసలు ఉమ్మడి పరీక్ష ఎందుకు వచ్చింది?

1980ల తొలినాళ్లలో ప్రైవేటు ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీల్లో సీటు అంటే క్యాపిటేషన్ ఫీజు గుర్తొచ్చేది. డబ్బు కట్టినవారికి సీటు. దాన్ని అడ్డుకునేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1983లో చట్టం తెచ్చింది. క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. వృత్తి విద్యా కోర్సుల్లో ప్రవేశాలు ఉమ్మడి ప్రవేశ పరీక్ష ర్యాంకు ఆధారంగానే జరగాలన్నది ఆ చట్టంలోని ముఖ్యమైన అంశం.

అంటే ఈ పరీక్ష పుట్టిందే న్యాయం పేరుతో. కాలేజీ యాజమాన్యం ఇష్టం, సిఫారసు ఉత్తరం, డబ్బు సంచి... ఈ మూడింటి స్థానంలో ఒక ర్యాంకును పెట్టారు. ఏ ఊరి నుంచి వచ్చినా, ఎవరి పిల్లలైనా పేపర్ దిద్దేవారికి తెలియదు. ఇప్పుడైతే దిద్దేది కంప్యూటరే. ఈ ఒక్క విషయాన్ని మరిచిపోయి ప్రవేశ పరీక్షల గురించి మాట్లాడితే చర్చ పక్కదారి పడుతుంది.

తర్వాత పరీక్ష రూపం చాలా మారింది. నీట్ వచ్చాక వైద్య కోర్సులు దీని నుంచి బయటకు వెళ్లాయి. ఏపీలో 2017 నుంచి, తెలంగాణలో 2018 నుంచి పరీక్ష కంప్యూటర్‌పై జరుగుతోంది. వైద్యం పోయింది కాబట్టి పేరులోని 'మెడికల్' కూడా పోయింది. ఏపీ 2021లో, తెలంగాణ 2024లో పేరు మార్చాయి.

ఏపీలో, తెలంగాణలో లెక్క ఎలా ఉంటుంది?

తెలంగాణలో లెక్క సులువు. పరీక్షలో వచ్చిన మార్కులను నార్మలైజ్ చేసి, వాటితోనే ర్యాంకు ఇస్తారు. ఇంటర్ మార్కులు అర్హతకు మాత్రమే అవసరం.

ఏపీలో పరీక్ష మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇస్తారు. ఒకప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో, విభజన తర్వాత తెలంగాణలో కూడా ఇదే పద్ధతి ఉండేది. కరోనా కాలంలో ఇంటర్ పరీక్షలే సరిగా జరగకపోవడంతో రెండు రాష్ట్రాలూ వెయిటేజీని పక్కన పెట్టాయి. పరిస్థితి చక్కబడ్డాక ఏపీ దాన్ని తిరిగి తెచ్చింది. తెలంగాణ 2023లో శాశ్వతంగా తీసేసింది.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం.

మొదటి విద్యార్థికి పరీక్షలో 160కి 80 మార్కులు, అంటే 50 శాతం. ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల్లో 90 శాతం. ఏపీ పద్ధతిలో పరీక్ష నుంచి 37.5, ఇంటర్ నుంచి 22.5. మొత్తం 60.

రెండో విద్యార్థికి పరీక్షలో 76 మార్కులు, అంటే 47.5 శాతం. ఇంటర్‌లో 98 శాతం. పరీక్ష నుంచి 35.63, ఇంటర్ నుంచి 24.5. మొత్తం 60.13.

తెలంగాణ పద్ధతిలో మొదటి విద్యార్థి నాలుగు మార్కులతో ముందుంటాడు. ఏపీ పద్ధతిలో రెండో విద్యార్థి స్వల్ప తేడాతో ముందుకొస్తాడు. ఇద్దరి తెలివితేటలూ మారలేదు, కష్టమూ మారలేదు. లెక్క మారింది, ర్యాంకు తారుమారైంది.

నాలుగు మార్కులంటే చిన్న తేడా అనిపించొచ్చు. కానీ ఒక్కో రాష్ట్రంలో ఇంజినీరింగ్ విభాగానికే రెండు లక్షలకు పైగా దరఖాస్తులు వస్తుంటాయి. రెండు లక్షల మందిని 160 మార్కుల మీద పరిస్తే సగటున ఒక్కో మార్కు దగ్గర 1,250 మంది ఉంటారు. పైస్థాయిలో తక్కువ మంది, మధ్యలో ఇంకా ఎక్కువ మంది గుమిగూడి ఉంటారు. మధ్య స్థాయి విద్యార్థికి నాలుగు మార్కులంటే కొన్ని వేల ర్యాంకులు.

మరి ఇంటర్ మార్కులు కలపడం మంచిదా, చెడ్డదా?

కలపాలి అనేవారి వాదన ఇది. రెండేళ్ల చదువుకు విలువ ఉండాలి. ఒక్క రోజు జ్వరం వచ్చినా, భయంతో తడబడినా జీవితం దెబ్బతినకూడదు. వెయిటేజీ లేకపోతే విద్యార్థులు ఇంటర్‌ను పట్టించుకోరు. వివరంగా రాయడం, ప్రాక్టికల్స్ చేయడం వెనక్కి పోయి, నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తించడమే చదువైపోతుంది.

వద్దు అనేవారి వాదనకూ బలముంది. అందరూ ఒకే బోర్డులో చదవడం లేదు. ఇంటర్ బోర్డు, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, ఓపెన్ స్కూల్... ఒక్కోచోట మార్కులు వేసే తీరు ఒక్కో రకం. ఒక బోర్డులో 95 శాతం, మరో బోర్డులో 95 శాతం ఒకటి కావు. ప్రాక్టికల్ మార్కుల్లో ఉదారతపై ఎప్పటి నుంచో విమర్శలున్నాయి. ఇంటర్ మార్కులు తప్పుల్లేకుండా వస్తాయన్న హామీ కూడా లేదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో దొర్లిన తప్పులు, ఆ తర్వాత విద్యార్థుల ఆత్మహత్యలు, ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఈ ప్రయోగం జాతీయ స్థాయిలో కూడా జరిగింది. 2013 నుంచి 2016 వరకు ఎన్ఐటీల ప్రవేశాలకు జేఈఈ మెయిన్ మార్కులకు 60 శాతం, పన్నెండో తరగతి మార్కులకు 40 శాతం వెయిటేజీ ఇచ్చారు. దేశంలోని అన్ని బోర్డుల మార్కులనూ ఒకే కొలమానంలోకి తేవడానికి ప్రత్యేక సూత్రం పెట్టారు. అది విద్యార్థులకు అర్థం కాలేదు. బోర్డుల ఫలితాలు ఆలస్యమైతే ర్యాంకులూ ఆలస్యమయ్యేవి. 2017 నుంచి ఆ వెయిటేజీని తీసేశారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇంటర్ మార్కులు కలిపితే గ్రామీణ, పేద విద్యార్థులకు మేలు జరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది అన్నిసార్లూ నిజం కాదు. ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకునేలా రోజూ రాయించే శిక్షణ కార్పొరేట్ కాలేజీల్లోనే ఎక్కువ. లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉన్న ప్రభుత్వ జూనియర్ కాలేజీ విద్యార్థి రెండు కొలతల్లోనూ వెనుకబడే ప్రమాదం ఉంది. వెయిటేజీ వల్ల ఒక్క రోజు దురదృష్టం ప్రభావం తగ్గొచ్చు. పెట్టుబడిలో ఉన్న తేడాను అది తగ్గించలేదు.

నార్మలైజేషన్ అంటే మార్కులు పెంచడమా, తగ్గించడమా?

ఫలితాలు రాగానే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. 'కీ చూసుకుంటే నాకు 90 వచ్చాయి, ర్యాంకు కార్డులో 86 ఉన్నాయి, నాలుగు మార్కులు ఎవరు తిన్నారు?'

ఎవరూ తినలేదు. లక్షల మందికి ఒకేసారి కంప్యూటర్లు సమకూర్చడం సాధ్యం కాదు. అందుకే పరీక్షను కొన్ని రోజులపాటు, రోజుకు రెండు సెషన్లుగా పెడతారు. ప్రతి సెషన్‌కూ పేపర్ వేరు. ఒకటి కాస్త కఠినంగా, మరొకటి సులువుగా ఉండటం సహజం. ఆ తేడాను సరిచేయడమే నార్మలైజేషన్.

రెండు రాష్ట్రాల సెట్లలో అనుసరించే సూత్రం రెండు గుర్తులపై ఆధారపడుతుంది. ఒకటి, అభ్యర్థుల సగటు మార్కులకు ప్రామాణిక విచలనాన్ని కలిపితే వచ్చే సంఖ్య. రెండోది, టాప్ 0.1 శాతం అభ్యర్థుల సగటు మార్కులు. ఈ రెండింటినీ ఒకసారి మీ సెషన్‌కు, మరోసారి అన్ని సెషన్లకూ కలిపి లెక్కిస్తారు. ఆపై మీ సెషన్ కొలబద్దను మొత్తం కొలబద్ద మీదికి మారుస్తారు.

ఉదాహరణకు అన్ని సెషన్లకూ కలిపి మొదటి గుర్తు 70, రెండోది 150 అనుకుందాం. కఠినమైన సెషన్‌లో అవి 62, 142. సులువైన సెషన్‌లో 78, 154. కఠిన సెషన్‌లో 80 తెచ్చుకున్న విద్యార్థికి నార్మలైజ్ అయ్యాక 88 వస్తాయి. సులువు సెషన్‌లో 96 తెచ్చుకున్న విద్యార్థికి 89కి కాస్త తక్కువ వస్తాయి. మొదట 16 మార్కుల తేడా కనిపించింది. సెషన్ల తేడాను తీసేశాక మిగిలింది ఒక్క మార్కులోపే.

ఈ పద్ధతి ఒక నమ్మకంపై నిలబడి ఉంది. ప్రతి సెషన్‌లోనూ బాగా చదివేవారు, మధ్యస్థులు, వెనుకబడినవారు దాదాపు ఒకే నిష్పత్తిలో ఉంటారన్నదే ఆ నమ్మకం. విద్యార్థులను సెషన్లకు యాదృచ్ఛికంగా కేటాయించినంతకాలం, ఒక్కో సెషన్‌లో వేల మంది ఉన్నంతకాలం అది చాలావరకు నిజమే అవుతుంది. సెషన్‌లో మంది తగ్గినా, ఒకే తరహా విద్యార్థులు ఒకేచోట చేరినా లెక్క బలహీనపడుతుంది. అందుకే సెషన్ల వారీగా సగటు, విచలనం, టాప్ 0.1 శాతం సగటు బహిరంగంగా ఉంచడం ముఖ్యం. ఆ మూడు సంఖ్యలు చేతిలో ఉంటే ఎవరైనా తమ మార్కును తామే సరిచూసుకోవచ్చు.

పరీక్షలో అదృష్టం పాత్ర ఎంత?

ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి తెలియని ప్రశ్నకు కూడా ఏదో ఒక ఆప్షన్ పెట్టడమే తెలివైన పని. ఒక విద్యార్థి 20 ప్రశ్నలకు గుడ్డిగా జవాబులు పెట్టాడనుకుందాం. సగటున ఐదు సరైనవి అవుతాయి. అయితే ఒకరికి మూడు, మరొకరికి ఏడు తగలడం మామూలే. అంటే సరిసమానంగా చదివిన ఇద్దరి మధ్య కేవలం ఊహల వల్ల నాలుగు మార్కుల తేడా రావచ్చు. పైన చెప్పుకున్న లెక్క ప్రకారం మధ్య స్థాయిలో అది కొన్ని వేల ర్యాంకులు.

దీనర్థం పరీక్ష పనికిరాదని కాదు. 130 మార్కుల విద్యార్థికీ 60 మార్కుల విద్యార్థికీ మధ్య తేడాను అది నమ్మకంగా చెప్పగలదు. 71కీ 74కీ మధ్య తేడాను అంత నమ్మకంగా చెప్పలేదు. మన వ్యవస్థ మాత్రం ఆ మూడు మార్కులకూ ఖరీదు కడుతుంది. అసలు సమస్య అక్కడ మొదలవుతుంది.

ఒక్క ర్యాంకు విలువ ఎంత?

తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ నిబంధన చూడండి. బీసీ, ఈబీసీ విద్యార్థులకు సాధారణంగా 10,000 లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజును ప్రభుత్వం భరిస్తుంది. దాటితే ఏడాదికి గరిష్ఠంగా 35,000 రూపాయలు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు నిబంధనలు వేరు. అయినా ఎక్కువమందికి వర్తించే గీత ఇదే.

కాలేజీ ఫీజు ఏడాదికి లక్ష రూపాయలు అనుకుందాం. ర్యాంకు 9,990 వచ్చిన విద్యార్థి ఇంట్లో ఫీజు భారం ఉండదు. 10,010 వచ్చిన విద్యార్థి ఇంట్లో ఏడాదికి 65,000, నాలుగేళ్లకు 2,60,000 రూపాయలు కట్టాలి. ఈ ఇద్దరి మధ్య తేడా 20 ర్యాంకులు. మార్కుల్లో చూస్తే దశాంశాల్లో ఉంటుంది. పరీక్ష కొలవలేనంత చిన్న తేడాకు రెండున్నర లక్షల రూపాయల పర్యవసానం. ఆ గీత ఒకేసారి తెగే బదులు మెట్లు మెట్లుగా ఉంటే, అంటే ర్యాంకు పెరిగేకొద్దీ సాయం కొద్దికొద్దిగా తగ్గితే, ఈ అన్యాయం చాలావరకు పోతుంది. దానికి పరీక్షను మార్చాల్సిన పని లేదు.

మరోవైపు ర్యాంకుతో పెద్దగా పని లేని దారి కూడా ఉంది. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం యాజమాన్య కోటా. ఉమ్మడి పరీక్ష కఠినత్వమంతా ఆ 70 శాతానికే. యాజమాన్య కోటాలో డిమాండ్ ఉన్న బ్రాంచీలకు నిర్ణీత ఫీజుకు మించి వసూలు చేస్తున్నారన్న ఆరోపణలు ఏటా వస్తూనే ఉన్నాయి. 1983 చట్టం ఏ తలుపు మూసిందో, అది ఇప్పటికీ కొంత తెరిచే ఉందన్నమాట.

వైద్య విద్యలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటావి. మిగతా 35 శాతం బీ కేటగిరీ, 15 శాతం ఎన్ఆర్ఐ కోటా. అన్నింటికీ నీట్ అర్హత తప్పనిసరి. కానీ జనరల్ అభ్యర్థికి అర్హత అంటే 50వ పర్సంటైల్. పరీక్ష రాసినవారిలో సగం మంది ఆ గీత దాటుతారు. ఫలితంగా మంచి మార్కులొచ్చి కన్వీనర్ సీటుకు కొద్దిలో ఆగిపోయిన పేద విద్యార్థి మరో ఏడాది లాంగ్‌టర్మ్‌కు వెళ్తాడు. అతని కంటే ఎంతో తక్కువ మార్కులున్నా, ఏటా లక్షల్లో ఫీజు కట్టగలిగిన విద్యార్థి అదే ఏడాది ఎంబీబీఎస్‌లో చేరతాడు. ఇక్కడ తప్పు పరీక్షది కాదు. పరీక్ష తర్వాత పెట్టిన గేట్లది.

పరీక్ష హాలు దాకా అందరూ సమానమేనా?

కాదు. ప్రవేశ పరీక్షపై వచ్చే విమర్శల్లో అన్నిటికంటే బలమైనది ఇదే.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్, కోచింగ్ ఎప్పుడో ఒకటైపోయాయి. ఉదయం నుంచి రాత్రి వరకు స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, మార్కుల వారీగా సెక్షన్లు. ఇదంతా కొనుక్కోగలిగిన ఇళ్లు కొన్నే. హాస్టల్‌తో కలిపి లక్షల్లో ఫీజు కట్టి, ర్యాంకు రాకపోతే మరో ఏడాది లాంగ్‌టర్మ్ ఖర్చు భరించగలిగిన కుటుంబానికి రెండు అవకాశాలు. ఇంటర్ అవగానే ఏదో ఒక కాలేజీలో చేరి త్వరగా సంపాదించాల్సిన కుటుంబానికి ఒక్కటే అవకాశం. ప్రశ్నపత్రం ఇద్దరికీ ఒకటే అయినా ఇది సమాన పోటీ కాదు.

భాష మరో అడ్డంకి. ఈఏపీసెట్ ప్రశ్నలు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ఉంటాయి. నీట్ తెలుగులో రాయొచ్చు. 2021 నుంచి జేఈఈ మెయిన్ కూడా తెలుగులో రాసే వీలుంది. ఐఐటీలకు దారితీసే జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం విద్యార్థి మొదటి మెట్టు సొంత భాషలో ఎక్కి, చివరి మెట్టు దగ్గర మరో భాషలో పరీక్ష రాయాలి. హిందీ రాష్ట్రాల విద్యార్థికి ఈ ఇబ్బంది లేదు.

పరీక్షే తీసేస్తే?

తమిళనాడు ఆ పని చేసి చూసింది. 2006లో చట్టం చేసి వృత్తి కోర్సుల ప్రవేశ పరీక్షను రద్దు చేసింది. ప్లస్ టూ మార్కులతోనే సీట్లు ఇచ్చింది. ఇంజినీరింగ్‌లో ఇప్పటికీ అదే పద్ధతి. వైద్యంలో మాత్రం నీట్ వచ్చి దాన్ని అడ్డుకుంది. నీట్ తర్వాత తమిళ మీడియం, గ్రామీణ విద్యార్థుల వాటా తగ్గిందని, మళ్లీ మళ్లీ రాసేవారి వాటా బాగా పెరిగిందని జస్టిస్ ఏకే రాజన్ కమిటీ 2021లో నివేదిక ఇచ్చింది.

ఈ కథలో రెండో భాగం కూడా చెప్పుకోవాలి. మార్కులతో సీట్లు ఇచ్చిన రోజుల్లోనూ తమిళనాడు ప్రభుత్వ పాఠశాలల నుంచి ఎంబీబీఎస్‌కు వెళ్లినవారు చాలా తక్కువే. అప్పుడు ప్లస్ టూ మార్కుల కోసం ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చే ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూళ్లు లాభపడ్డాయి. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు నిజంగా తలుపు తెరిచింది 2020లో తెచ్చిన 7.5 శాతం ప్రత్యేక రిజర్వేషన్. అది నీట్ ఉండగానే వచ్చింది. కొలత ఏదైనా డబ్బున్నవారు దానికి తగ్గ శిక్షణ కొనుక్కుంటారు. కొలత మార్చడం వేరు, వెనుకబాటును లెక్కలోకి తీసుకోవడం వేరు.

అమెరికా అనుభవం కూడా తెలుగు కుటుంబాలకు సంబంధం లేనిది కాదు. కరోనా సమయంలో అక్కడ చాలా యూనివర్సిటీలు శాట్ స్కోరు తప్పనిసరి కాదన్నాయి. ఎంఎస్‌కు వెళ్లే మన విద్యార్థులకు చాలాచోట్ల జీఆర్ఈ మినహాయింపు కూడా వచ్చింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థ డిగ్రీ ప్రవేశాల్లో శాట్ స్కోరును పూర్తిగా పక్కన పెట్టింది. కానీ ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్ 2024లో టెస్టు స్కోరును తిరిగి తప్పనిసరి చేస్తున్నట్లు ప్రకటించాయి. పేద కుటుంబాల విద్యార్థులు తమకు మేలు చేయగల స్కోరును కూడా తక్కువనుకుని పంపకుండా ఉండిపోతున్నారని డార్ట్‌మత్ చెప్పింది. స్కోరు లేకపోతే వ్యాసాలు, సిఫారసు లేఖలు, ఖరీదైన వ్యాపకాల బరువు పెరుగుతుంది. అవి పేదలకు ఇంకా దూరం.

మన దగ్గర మరో దారి ఉందా?

ఉంది, అదీ 2008 నుంచి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు ఆ ఏడాదే మొదలయ్యాయి. పదో తరగతి ఫలితాల ఆధారంగా ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులో చేర్చుకోవడం వీటి పద్ధతి. ప్రవేశ పరీక్ష లేదు. గ్రేడ్ పాయింట్లు అమల్లో ఉన్నప్పుడు, ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన విద్యార్థుల జీపీఏకు 0.4 పాయింట్లు కలిపేవారు. దాన్ని డిప్రివేషన్ స్కోర్ అన్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో 9.5 తెచ్చుకున్న విద్యార్థిని, ప్రైవేటు స్కూల్లో 9.8 తెచ్చుకున్న విద్యార్థి కంటే ముందు నిలబెట్టడమే దాని ఉద్దేశం. కూలీల, చిన్న రైతుల పిల్లలు పెద్ద సంఖ్యలో ఇంజినీరింగ్ చదవడానికి ఈ చిన్న నిబంధన కారణమైంది.

ఈ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. 10 జీపీఏ వచ్చినవారు ఎక్కువైతే సబ్జెక్టుల గ్రేడ్లు, పుట్టిన తేదీ దాకా వెళ్లి తేల్చాల్సి వస్తుంది. కరోనాతో పదో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు పద్ధతి మొత్తం ఆగిపోయింది. ఏపీ 2020లో ప్రత్యేకంగా ప్రవేశ పరీక్ష పెట్టింది. తెలంగాణ 2021లో పాలిసెట్ ర్యాంకులను వాడుకుంది. బోర్డు పరీక్ష కుదేలైతే ఉమ్మడి పరీక్షే ఆదుకుందన్నమాట.

నమ్మకం సంగతేంటి?

ఉమ్మడి పరీక్షకు ఉన్న ఏకైక ఆస్తి నమ్మకం. అది పోతే మిగిలేది ఏమీ లేదు. 2016 జులైలో తెలంగాణ ఎంసెట్-2 పేపర్ లీకైంది. పరీక్ష రద్దు చేసి సెప్టెంబర్‌లో ఎంసెట్-3 పెట్టారు. కష్టపడి ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థులు మళ్లీ రాయాల్సి వచ్చింది.

2024 మే 5న జరిగిన నీట్ వివాదం అంతకంటే పెద్దది. మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. సమయం కోల్పోయారంటూ 1,563 మందికి కలిపిన గ్రేస్ మార్కులను వెనక్కి తీసుకుని, వారికి మళ్లీ పరీక్ష పెట్టారు. హజారీబాగ్, పట్నాల్లో పేపర్ లీకైందని సుప్రీంకోర్టు గుర్తించింది. అయితే దేశవ్యాప్తంగా వ్యవస్థ అంతా దెబ్బతిన్నట్లు ఆధారాలు లేవంటూ పరీక్ష రద్దుకు నిరాకరించింది. ఇంటర్ మార్కుల్లో తప్పు జరిగితే ఒక బోర్డు విద్యార్థులు నష్టపోతారు. ఒకే దేశం, ఒకే పరీక్ష అన్నప్పుడు ఒకచోట జరిగిన తప్పు 20 లక్షల మందికి పైగా ఆందోళనగా మారుతుంది. ఉమ్మడి పరీక్ష పరిధి పెరిగేకొద్దీ దాని భద్రతపై పెట్టే ఖర్చు, శ్రద్ధ కూడా అంతే పెరగాలి.

మొత్తం మీద ఏం తేలుతోంది?

పరీక్ష హాల్లో ప్రవేశ పరీక్ష న్యాయంగానే ఉంటుంది. హాలుకు ముందు, హాలు తర్వాత జరిగేదే న్యాయంగా లేదు. ముందు కోచింగ్ తేడా, భాష తేడా, ఖాళీ లెక్చరర్ పోస్టులు. తర్వాత ర్యాంకు గీతలు, యాజమాన్య కోటాలు, ఫీజు బకాయిలు. పరీక్షను తీసేస్తే ఈ రెండు వైపులా ఉన్న తేడాలు పోవు, కనిపించకుండా పోతాయి. ఇంటర్ మార్కుల వెయిటేజీ ఉండాలా వద్దా అన్నదానిపై రెండు రాష్ట్రాల నిర్ణయాలకూ కారణాలున్నాయి. కానీ పేద విద్యార్థి విషయంలో అది రెండో ప్రశ్నే. మొదటి ప్రశ్న, ట్రిపుల్ ఐటీల్లో చేసినట్లు వెనుకబాటుకు కొన్ని పాయింట్లు ఈఏపీసెట్‌లోనూ ఇవ్వగలమా అన్నది. దానిపై చర్చ ఇంకా మొదలు కాలేదు.

విద్యార్థులు, తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సినవి

- ఏపీ ఈఏపీసెట్ రాసేవారు ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల మార్కులను తేలిగ్గా తీసుకోవద్దు. ఇంటర్‌లో 8 శాతం తేడా, పరీక్షలో దాదాపు నాలుగు మార్కులతో సమానం.

- ఇతర బోర్డుల్లో చదివినవారు ఏపీలో తమ మార్కులను గడువులోగా నమోదు చేశారో లేదో సరిచూసుకోవాలి. మార్కుల వివరాలు లేకపోతే ర్యాంకు ఆగిపోవచ్చు.

- ప్రాథమిక కీపై అభ్యంతరాలు చెప్పే గడువు కొద్ది రోజులే. తప్పు అనిపించిన ప్రశ్నకు ఆధారంతో అభ్యంతరం పెట్టండి. తుది కీ వచ్చాక అవకాశం ఉండదు.

- ర్యాంకు కార్డులోని మార్కులు కీతో సరిపోలకపోతే ముందు నార్మలైజేషన్ వివరాలు చూడండి. తేడా రావడం పొరపాటు కాదు.

- నెగెటివ్ మార్కుల నిబంధన పరీక్షను బట్టి మారుతుంది. ఈఏపీసెట్‌లో ప్రతి ప్రశ్నకూ జవాబు పెట్టొచ్చు. నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది.

- తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌పై ఆధారపడే కుటుంబాలు వెబ్ ఆప్షన్లు పెట్టేముందే ఆ కాలేజీ ఫీజు ఎంత, తమకు వర్తించే సాయం ఎంత అన్నది లెక్క వేసుకోవాలి. సీటు వచ్చాక తేలే తేడా నాలుగేళ్లపాటు మోయాల్సి ఉంటుంది.